పదో తల దేవుడిది

మామగారికి పదోవంతు పిచ్చి ఉండేది. పిచ్చి అన్నది అల్లుడి మాట. వీధిలోవాళ్ళు ఇంకా పెద్ద మాటలే వాడేవారు. చర్చికి వెళ్ళేవాళ్ళు సంపాదనలో పదోవంతు దేవుడికి ఇవ్వడం అందరికీ తెలిసిన సంగతే. ఓ కవరులో పెట్టి కానుకల పెట్టెలో వేస్తారు, అక్కడితో అయిపోతుంది. మామగారికి అక్కడితో అయ్యేది కాదు. ఆయన చేతికి ఏది వచ్చినా, ఎన్ని వచ్చినా, పదోది ఆయనది కాదు.

పది అరటిపళ్ళు కొంటే తొమ్మిదే ఇల్లు చేరేవి. పదోది దారిలో ఎదురైన మొదటి మనిషి తినాల్సిందే. ఆకలి లేదన్నా వినేవారు కాదు. అప్పుడే భోంచేసి వస్తున్న పాస్టరుగారు కూడా ఓసారి నడివీధిలో నిలబడి అరటిపండు తిన్నారు. ఇక గొడుగు ఉన్నది ఒక్కటే. దాన్ని పది ముక్కలు చేయడం కుదరదు కాబట్టి, పది వానల్లో ఒక వాన దేవుడిదని తేల్చారు. ఆ వానలో గొడుగు ఎవరి చేతిలోనో పెట్టేసి, తను తడిసి ముద్దై వచ్చేవారు.

“పదో వానా?” అనేది అత్తగారు తువ్వాలు అందిస్తూ.

“పదోదే. ఆయన వంతుకి కాస్త పెద్దదే పడింది,” అనేవారు మామగారు తుమ్ముతూ.

ఒకసారి డాక్టరు పది రోజులుంటుందన్న జ్వరం తొమ్మిదో రోజు సాయంత్రానికే తగ్గిపోయింది. మామగారు మంచం మీద లేచి కూర్చుని, “చూశావా, పదోది ఆయన తీసేసుకున్నాడు,” అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు?

ఇవన్నీ చెప్పి ఇప్పుడు అల్లుడు అందరినీ నవ్విస్తాడు. నవ్విస్తూ నవ్విస్తూ మధ్యలో ఆగిపోతాడు. ఎందుకు ఆగిపోతాడో తెలియాలంటే షాపు సంగతి చెప్పుకోవాలి.

అది రెండు కుర్చీల కటింగ్ షాపు. ఎదురుగా గోడంత అద్దం, దాని కింద అరమీద కత్తెరలు, దువ్వెనలు, నీళ్ళు చల్లే సీసా, పౌడరు డబ్బా. వెనక పొడుగాటి బెంచీ. మొదటి కుర్చీ మామగారిది, రెండోది అల్లుడిది. అల్లుడు ముందు ఆ రెండో కుర్చీకి పనివాడిగా వచ్చి, పని బాగుందనిపించుకుని, ఆ తర్వాత ఇంటికి అల్లుడయ్యాడు. పొద్దున్న ఎనిమిదికి తలుపు తీస్తే సాయంత్రం ఆరుకి మూత. అంటే పది గంటలు. పదో గంట ఎవరిదో వేరే చెప్పాలా? ఐదు కొట్టగానే మామగారు కత్తెర, దువ్వెన సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళి, మంచం దిగలేని వాళ్ళకి గడ్డాలు గీసి వచ్చేవారు.

గంట దేవుడిదైనప్పుడు తలలు మాత్రం ఊరికే పోతాయా? మొదటి కుర్చీలో కూర్చునే ప్రతి పదో తలా దేవుడిది. తెల్లగుడ్డ విప్పి దులిపి, “పదో తల. డబ్బుల్లేవు,” అని ప్రకటించేవారు. కూర్చున్నది ధనవంతుడా, పేదవాడా, చర్చికి వస్తాడా రాడా అన్న ప్రశ్న లేదు.

“రావణాసురుడు వచ్చి కూర్చుంటే ఏం చేస్తారండీ?” అని అడిగాడోసారి బ్యాంకు క్యాషియరు.

“తొమ్మిది తలలకే తీసుకుంటాను,” అన్నారు మామగారు కత్తెర ఆపకుండా.

ఈ క్యాషియరుకి ఆ పదో తల మీద కన్ను. డబ్బు లేక కాదు. పొద్దస్తమానం నోట్లు లెక్కపెట్టే మనిషి, తన లెక్క గెలవాలన్న పంతం. శనివారం ఉదయమే వచ్చి బెంచీ చివర కూర్చుని, వచ్చే తలనీ పోయే తలనీ వేళ్ళ మీద లెక్కపెట్టేవాడు. తన వంతు ముందే వచ్చేస్తే, “మీరు వెళ్ళండి, నాకు తొందరేం లేదు,” అని పక్కవాళ్ళని ముందుకు తోసేవాడు.

“ఇప్పుడు లేచింది ఎన్నో తల?” అని అడిగేవాడు.

“ఎనిమిది.”

అంతే, పక్కనున్న ఫిడేలు మాస్టారిని బతిమాలి ముందు కూర్చోబెట్టేవాడు. మాస్టారు తొమ్మిది, తర్వాత తను పది. మాస్టారి కటింగ్ అయ్యేది. మామగారు గుడ్డ దులిపి, “పదో తల. డబ్బుల్లేవు మాస్టారూ,” అనేవారు.

“అదేమిటి? ఇందాక ఎనిమిది కదా? మరి తొమ్మిది ఏమైంది?”

మామగారు నిజంగానే ఆలోచించేవారు. పైకప్పు వంక చూసేవారు. “మూడో తరగతిలో లెక్కల పంతులు నెత్తి మీద ఒక్కటిచ్చాడండీ. అప్పటినుంచి నాకు తొమ్మిది సరిగ్గా నిలవదు,” అనేవారు. బెంచీ అంతా నవ్వేది. క్యాషియరు పదకొండో తలగా కూర్చుని పూర్తి డబ్బులిచ్చి వెళ్ళేవాడు.

ఫిడేలు మాస్టారి అదృష్టం ఆ వీధిలో ఓ సామెత అయిపోయింది. ఆయన ఎప్పుడు వచ్చినా పదో తలే. మనిషి పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. కాలరు అంచు అరిగి, తిప్పి కుట్టించి, మళ్ళీ అరిగింది. పిల్లలు ఫిడేలు వదిలి కీబోర్డుల మీద పడ్డాక, ఇంటింటికీ వెళ్ళి చెప్పే పాఠాలు నాలుగుకి తగ్గిపోయాయి. “కొత్త ఇంట్లో శ్రుతి వినేది తర్వాతండీ. ముందు మాస్టారి క్రాపు చూస్తారు. చెవుల మీదికి జుట్టు దిగిందా, గుమ్మంలోంచే పంపేస్తారు,” అని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. అయినా పని కాగానే జేబులో చెయ్యి పెట్టి, “ఎంతండీ?” అని అడగడం మాత్రం మానలేదు.

“పదో తల మాస్టారూ.”

“మళ్ళీ నేనేనా?”

“నేనేం చెయ్యను? లెక్క అలా వచ్చింది.”

మాస్టారు లాటరీ తగిలినంత సంబరంగా ఈల వేసుకుంటూ వెళ్ళిపోయేవారు. రెండో కుర్చీ దగ్గర నిలబడి ఇదంతా కొన్ని వందలసార్లు చూశాడు అల్లుడు. కళ్ళముందరే జరిగింది, అద్దం కూడా ఎదురుగానే ఉంది. అయినా ఏమీ కనిపించలేదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ తన మీద తనకే కోపం వస్తుంది.

ఒక శనివారం క్యాషియరు ఓపిక పోయి, అల్లుడిని బయటికి పిలిచాడు. “మీ మామగారివి కాకిలెక్కలయ్యా. దేవుడి పేరు చెప్పి తనకి నచ్చినవాళ్ళకి పంచిపెడుతున్నాడు. నోరు జారి మోసం అనేస్తాను, బాగుండదు,” అన్నాడు.

అల్లుడు ముక్కుసూటి మనిషి. మోసం అన్న మాట చెవిలో పడేసరికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజున వెళ్ళి పది ఇత్తడి బిళ్ళలు చేయించాడు. ఒకటి నుంచి పది దాకా అంకెలు కొట్టించి, తలుపు పక్కన పది మేకులు దిగ్గొట్టి తగిలించాడు. మొదటి కుర్చీకి వచ్చినవాళ్ళు వరసలో బిళ్ళ తీసుకోవాలి. పదో బిళ్ళ ఎవరికి వస్తే వాళ్ళది దేవుడి తల.

“దేవుడికి బిళ్ళలెందుకు అల్లుడూ?” అన్నారు మామగారు.

“దేవుడికి కాదు మామయ్యా, బెంచీ మీద కూర్చునేవాళ్ళకి. రేపు మిమ్మల్ని ఎవరూ మాట అనకూడదు.”

మామగారు చాలాసేపు ఆ బిళ్ళల్ని చూస్తూ నిలబడ్డారు. తర్వాత తొమ్మిదో బిళ్ళని వేలితో తట్టి, “అయితే నువ్విక్కడున్నావన్నమాట,” అన్నారు దానితో. అల్లుడు నవ్వాడు. ఆయన నవ్వలేదన్న సంగతి ఆ పూట పట్టించుకోలేదు.

ఆ తర్వాతి శనివారం ఫిడేలు మాస్టారు వచ్చి, వరసలో ఉన్న బిళ్ళ తీసుకుని కూర్చున్నారు. సోమవారం ఓ కొత్త ఇంట్లో ఇద్దరు పిల్లలకి పాఠం మొదలుపెట్టాలట, ఆ కబురు చెబుతూ హుషారుగా కటింగ్ చేయించుకున్నారు. మామగారు గుడ్డ విప్పారు, దులిపారు. బిళ్ళ వంక చూడకుండానే, “పదో తల మాస్టారూ,” అన్నారు.

“మామయ్యా,” అన్నాడు అల్లుడు రెండో కుర్చీ దగ్గరనుంచి, గట్టిగా, బెంచీ అంతటికీ వినపడేలా. “మాస్టారిది నాలుగో బిళ్ళ.”

మాస్టారి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఉండిపోయింది. “పర్సు ఇంట్లో మర్చిపోయినట్టున్నాను. రేపు తెచ్చిస్తాను,” అని మెల్లగా అని, ఎవరివంకా చూడకుండా బయటికి నడిచారు. ఆ రోజు ఈల వినపడలేదు.

మర్నాడు చర్చి అయ్యాక వచ్చి, చిల్లర అంతా అరమీద పెట్టి వెళ్ళారు. ఆ తర్వాత షాపు గడప తొక్కలేదు. మాస్టారు అలా వెళ్ళిపోయిన శనివారమే పదో బిళ్ళ క్యాషియరుకి వచ్చింది. ఆయన బెంచీ మీదున్న అందరికీ చాక్లెట్లు పంచాడు. అల్లుడు కూడా ఒకటి తిన్నాడు.

“నీ లెక్క తప్పేం కాదు అల్లుడూ,” అన్నారు మామగారు ఆ సాయంత్రం షాపు ఊడుస్తూ. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తిట్టి ఉంటే ఎందుకని అడిగేవాడు, అడిగితే తెలిసేది.

రెండు వారాలు తిరగకుండానే ఇంట్లో కొత్త పిచ్చి మొదలైంది. మామగారు అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఫిడేలు నేర్చుకుంటానని బయలుదేరారు. మాస్టారి దగ్గరున్న పాత ఫిడేలు ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకున్నారు. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రి మాని, దేవుడి గంటలో పాఠానికి వెళ్ళేవారు. మిగతా రోజులు పొద్దున్నే వరండాలో కూర్చుని సాధన చేసేవారు. ఆ సాధన గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసేది. పక్కింటి పిల్లి వలస పోయింది. పాలవాడు గేటు బయటే పాలు పెట్టేసి పరిగెత్తేవాడు.

“మామయ్యా, మీకు ఫిడేలు ఎందుకు చెప్పండి?” అన్నాడు అల్లుడు విసుగ్గా. “దేవుడి గంట తీసుకెళ్ళి దీనికిస్తారా?”

“ఆయనకి మాత్రం కాస్త కాలక్షేపం వద్దా?”

“ఇది వింటే కాలక్షేపమా?”

“పది స్వరాలు వాయిస్తే ఒకటి సరిగ్గానే పడుతోంది కదా. అది ఆయనది. తక్కిన తొమ్మిదీ మనవి,” అన్నారు మామగారు ఫిడేలు తుడుస్తూ.

పాస్టరుగారు కూడా వచ్చి మెల్లగా అడిగి చూశారు. చర్చిలో వాయించే ఉద్దేశం ఏమీ లేదని మామగారు హామీ ఇచ్చాక, ఆయన ఇంకేమీ అడక్కుండా తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళారు.

చివరికి అల్లుడు ఓ రోజు ఫిడేలు కమాను తీసి బీరువా మీద దాచేశాడు. నాలుగు రోజులు ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. మామగారు అంతటా వెతికారు, దొరకలేదు. శుక్రవారం ఐదు కొట్టగానే కమాను లేకుండానే పాఠానికి వెళ్ళిపోయారు. కత్తెరల సంచి మాత్రం మర్చిపోలేదు. అల్లుడు గుమ్మంలో నిలబడి చూశాడు. ఫిడేలు పాఠానికి కత్తెర ఎందుకని ఆ తెలివైన మనిషికి తట్టలేదు. పైగా చర్చిలో మాస్టారు ప్రతి ఆదివారం నున్నటి క్రాపుతో కనిపిస్తుంటే, మనల్ని వదిలేసి వేరే షాపు చూసుకున్నాడు కదా అని లోలోపల నొచ్చుకున్నాడు కూడా. దానికి తోడు షాపులో నీలం అంచు కుట్టిన తెల్లగుడ్డ ఒకటి కనిపించకుండా పోతే, వయసు మీద పడి ఎక్కడో పారేశారని మామగారిని పదిమంది ముందు దెప్పాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం, బెంచీ ఖాళీగా ఉన్న వేళ, మామగారు మొదటి కుర్చీలో కునుకు తీస్తూ తీస్తూ వెళ్ళిపోయారు. సమాధి దగ్గర మాస్టారు ఓ పాట వాయించారు. ఆ పాటనే మామగారు రెండేళ్ళు వరండాలో హింసించారని, సరిగ్గా వాయిస్తే అది ఇంత బాగుంటుందని ఇంటివాళ్ళకి ఆ రోజే తెలిసింది.

ఆరు వారాల తర్వాత ఫిడేలు తిరిగి ఇచ్చేద్దామని అల్లుడు మాస్టారి గదికి వెళ్ళాడు. మేడ మీద ఒంటి గది. ఓ మంచం, గోడకి రెండు ఫిడేళ్ళు, స్టవ్వు, కిటికీ పక్కన ఓ చెక్క కుర్చీ. కుర్చీకి ఎదురుగా కిటికీ చువ్వకి చిన్న అద్దం వేలాడుతోంది. కుర్చీ వీపు మీద నాలుగు మడతలు పెట్టి, నీలం అంచు కుట్టిన తెల్లగుడ్డ ఉంది.

అల్లుడు ఆ గుడ్డ వంకే చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత మాస్టారి వంక చూశాడు. జుట్టు చెవుల మీదికి దిగి, వెనక కాలరు దాటింది.

“మీ మామగారికి సంగీతం బొత్తిగా రాదు బాబూ,” అన్నారు మాస్టారు ఫిడేలు అందుకుంటూ. “నేర్చుకోవాలన్న కోరిక కూడా లేదు. పది నిమిషాలు పాఠం, తర్వాత నా క్రాపు. ‘ఫీజు ఇచ్చుకోలేను మాస్టారూ, కటింగ్ కింద చెల్లు వేసుకోండి’ అన్నాడు మొదటి రోజు, ఎంతో దీనంగా. కమాను లేకుండా వచ్చిన రోజు కూడా పాఠం ఫీజు మాత్రం చెల్లించకుండా వదల్లేదు.”

“మీకు… మొదటినుంచీ తెలుసా?”

“పదో తల అన్నిసార్లు నాకే వస్తే లెక్కపెట్టుకోలేనా? తాళాలు లెక్కపెట్టి బతికేవాణ్ణి. ఆయన నమ్మించేవాడు, నేను నమ్మేవాణ్ణి. ఇవ్వడానికి ఆయన అంత అవస్థ పడుతుంటే, తీసుకోవడానికి నేను ఆ మాత్రం అవస్థ పడకూడదూ? ఆ ఫిడేలు వినడం తక్కువ అవస్థా?”

అల్లుడికి నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మంచం అంచున కూర్చుండిపోయాడు. నాలుగో బిళ్ళ, జేబులో ఆగిపోయిన చెయ్యి, తను తిన్న చాక్లెట్టు, బీరువా మీద కమాను, అన్నీ వరసగా కళ్ళముందుకి వచ్చాయి. క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు. చేతిలో కత్తెర పట్టుకుని బతికేవాడికి మరీ ఇంత ఆలస్యంగా తెలిసింది.

“నాకొక్క మాట చెప్పి ఉంటే…” అన్నాడు.

“అదే అడిగాను ఓసారి. ‘చెబితే వాడు మిమ్మల్ని చూసే చూపు మారిపోతుంది మాస్టారూ. జాలిపడతాడు. మీకది నచ్చదు,’ అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు.”

“ఏమని?”

“‘మా అల్లుడు మహా నిజాయితీపరుడు. నయమవుతుంది, కాస్త టైము పడుతుందంతే,’ అని.”

అల్లుడు ముఖం తుడుచుకున్నాడు. క్షమించమని అడగాల్సిన మనిషి సమాధిలో ఉన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కానీ ఎదురుగా ఓ తల ఉంది, దాని మీద ఆరు వారాల జుట్టు ఉంది. ఊరికే చేస్తానని అంటే ఈ పెద్దమనిషి గుమ్మం చూపిస్తారని ఈసారి అతనికి బాగానే అర్థమైంది.

“శనివారం షాపుకి రండి మాస్టారూ. రద్దీగా ఉంటుంది. పదో తల ఎవరికి వస్తుందో చెప్పలేం,” అన్నాడు.

“బిళ్ళలున్నాయి కదా?”

“పోయాయండీ.”

“ఎప్పుడు?”

“ఇవాళ సాయంత్రం పోతాయి,” అన్నాడు అల్లుడు లేస్తూ.

శనివారం ఉదయం తలుపు పక్కన పది మేకులు ఖాళీగా ఉన్నాయి. అల్లుడు మొదటి కుర్చీ దగ్గరే నిలబడ్డాడు. మామగారు పోయాక ఆ కుర్చీ వాడటం అదే మొదలు. ఇద్దరికి కటింగ్ అయింది. మూడోవాడికి గడ్డం అయింది. బెంచీ చివర క్యాషియరు ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. అప్పుడు మాస్టారు వచ్చారు.

“మీరు వెళ్ళండి, నాకు తొందరేం లేదు,” అన్నాడు క్యాషియరు.

అల్లుడు ఆ తల మీద జాగ్రత్తగా పనిచేశాడు. చెవుల చుట్టూ, మెడ వెనక, మామగారు చేసినట్టే నెమ్మదిగా. గుడ్డ విప్పి దులిపాడు. మాస్టారి చెయ్యి జేబులోకి వెళ్ళింది.

“ఎంత బాబూ?”

జన్మలో లెక్క తప్పు చెప్పని అల్లుడికి నాలుక తడబడింది. “మీరు… పదో తల మాస్టారూ.”

బెంచీ చివర కదలిక. క్యాషియరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఖాళీ మేకుల వంక చూశాడు. మాస్టారి చొక్కా కాలరు వంక చూశాడు. జేబులో ఆగిపోయిన ఆ చెయ్యి వంక చూశాడు.

“పదే,” అన్నాడు క్యాషియరు. “పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చుని లెక్కపెడుతున్నాను. అనుమానం ఉంటే నన్నడగండి.”

“మళ్ళీ నేనేనా?” అన్నారు మాస్టారు ఎంతో ఆశ్చర్యపోతూ. మెట్లు దిగుతుండగా ఈల వినపడింది.

క్యాషియరు పదకొండో తలగా వచ్చి కూర్చున్నాడు. కటింగ్ అయ్యాక నోటు ఇచ్చి, మిగిలిన చిల్లర మాత్రం రెండుసార్లు లెక్కపెట్టుకుని మరీ వెళ్ళాడు.